కావేరి ఆందోళన

ఆ ఏడు ప్రభుత్వం వారికి పల్లెటూరి పిల్లల మనసుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పిల్లల కడుపుల మీదా, కాళ్ళకు లేని చెప్పుల మీదా, కురిసే పైకప్పుల మీదా ఎన్నడూ పుట్టని ప్రేమ ఏకంగా మనసుల మీద పుట్టింది. రాజధానిలో పెద్దలెవరో ఒక హోటల్లో సమావేశమై, భోజనాలు కానిచ్చి, గ్రామీణ బాలబాలికలు తెగ ఆందోళన పడుతున్నారని తేల్చేశారు. డాక్టర్లను పల్లెలకు పొమ్మంటే పోరు. కనుక డాక్టరును ఫోనులో పెట్టి పంపిస్తే సరిపోతుందన్నారు. ఆ ఫోను వైద్యానికి 'నిశ్చింత' అని పేరు పెట్టి, మళ్ళీ భోజనాలు చేశారు.

ఉత్తర్వు చింతలగట్టు మండలానికి చేరి, అక్కణ్ణుంచి రేకులపల్లి హైస్కూలుకు వచ్చి, పిన్నోజు భీమాచారి నెత్తిన పడింది. భీమాచారి అక్కడ తెలుగు పండితుడు. హెడ్మాస్టరు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయిన దగ్గర్నుంచి ఇన్‌చార్జి హెడ్మాస్టరు కూడా ఆయనే. దోమల నివారణకు నోడల్ అధికారి ఆయన, హరిత వనానికి నోడల్ అధికారి ఆయన, మరుగుదొడ్ల వినియోగానికీ ఆయనే. ఇప్పుడు ఆందోళన నోడల్ అధికారి అయ్యాడు. మధ్యలో తీరిక దొరికితే వ్యాకరణం చెప్పేవాడు. ఎదురు మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. పై అధికారి పగలును రాత్రి అంటే, దీపం వెలిగించమంటారా అని అడిగే రకం.

మండల విద్యాధికారి పరంధాములు అందరినీ పిలిచి సమావేశం పెట్టాడు.

"సదరు పథకాన్ని యుద్ధప్రాతిపదికన అమలు చేయవలసి ఉన్నది. ప్రతి పాఠశాల తన విద్యార్థుల్లో పదో వంతుకు తగ్గకుండా ఆందోళనను గుర్తించవలెను. తక్కువ చూపినచో తగు చర్యలు తప్పవు."

"అంతమంది లేకపోతే ఎట్ల సార్?" అని భీమాచారి మెల్లగా అడిగాడు.

"లేకపోవుట అనే ప్రశ్న ఉత్పన్నం కాదు మాస్టారు. ఉన్నది, మీకు కనబడలేదు. పిల్లలను దగ్గరికి తీసి ప్రేమగా అడగండి, వారంలోగా."

భీమాచారి బడికి వచ్చి ప్రేమగా అడిగాడు. మీలో ఎవరికి భయంగా ఉంటుందో చేతులెత్తమన్నాడు. ఒక్కడూ ఎత్తలేదు. భయమున్న వాళ్ళకు మధ్యాహ్నం పూట గంటసేపు ఫోను చేతికిస్తామన్నాడు. గోడలు దద్దరిల్లేలా బడి మొత్తం చేతులెత్తేసింది. లెక్కకు మించిన వాళ్ళను బతిమాలి దింపేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు కూడా చెయ్యెత్తని పిల్ల ఒకతి ఉంది. పదో తరగతి జంగిటి కావేరి. నిజంగా భయమున్నది ఆ పిల్లకే. క్లాసులో మొదటి పిల్ల, పద్యం చదివితే భీమాచారికి తన చదువు సార్థకమైందనిపించేది. అలాంటిది, ప్రీఫైనల్ పరీక్షలు చింతలగట్టులో పెట్టిన రోజున పరీక్షా కేంద్రం గేటు దగ్గరే చేతులు చల్లబడిపోయి, ఊపిరాడక, వాంతి చేసుకుని కూలబడింది. మర్నాడు ఇల్లే కదల్లేదు. పరీక్షంటే భయమని అందరూ అన్నారు, భీమాచారి కూడా అన్నాడు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అవి రాయకపోతే ఆ పిల్ల కథ ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. తల్లి లసుమవ్వ పత్తి చేనికి తీసుకుపోతుంది, ఆ తరువాత ఎవరికో ఇచ్చి పంపుతుంది. అందుకే ఈ దిక్కుమాలిన పథకం వల్ల ఆ ఒక్క పిల్లకైనా మేలు జరిగితే చాలని భీమాచారి మనస్ఫూర్తిగా ఆశపడ్డాడు.

వైద్యం మొదలైంది. రేకులపల్లిలో మామూలు ఫోను మాట్లాడవచ్చు గానీ, మనిషి బొమ్మ కనబడేంత సిగ్నలు దొరికే చోటు ఒక్కటే, నీళ్ళ ట్యాంకు పైన. ఆందోళన పడే పిల్లలను వరసగా ఇనుప మెట్ల మీద ఎక్కించేవారు. పైకెక్కాక రెయిలింగు పట్టుకుని నిలబడి ఫోను నొక్కితే, కాసేపు గిర్రున తిరిగి, నగరం నుంచి ఒక కౌన్సెలర్ అమ్మాయి కనబడేది.

"హాయ్ డియర్, కళ్ళు మూసుకో. నువ్వు బీచ్‌లో పడుకున్నట్టు ఊహించుకో. కాళ్ళు రెండూ వదులుగా వదిలెయ్."

కళ్ళు మూసుకుని కాళ్ళు వదిలేయబోయిన ఎనిమిదో తరగతి వాణ్ణి భీమాచారి చొక్కా పట్టుకుని ఆపాడు. వాడికి అంతవరకూ భయమనేది తెలియదు. ఆ రోజు ట్యాంకు మీద తెలిసింది, కిందికి దిగనని ఒకటే ఏడుపు. తాళ్ళు కట్టి దింపారు. నిశ్చింత పథకం పట్టుకున్న మొట్టమొదటి అసలు సిసలు ఆందోళన అదే.

కావేరి వంతు వచ్చింది. నీ భయం దేని గురించి అని ఫోను అడిగింది. పరీక్షలు, స్నేహితులు, శరీర రూపం, సోషల్ మీడియా అని నాలుగిచ్చి, ఒకటి నొక్కమంది. ఆ పిల్ల చాలాసేపు చూసి, ఈ నాలుగూ కాదు సార్ అంది. "ఏదో ఒకటి నొక్కు బిడ్డా, లేకుంటే ముందలికి పోదది" అన్నాడు భీమాచారి. పరీక్షలు అని నొక్కింది. భయం ఎంతుంది, పదికి ఎన్ని అని అడిగింది. పది అని నొక్కింది. వెంటనే ఫోనులో పూలు రాలి, 'అద్భుతం! కొనసాగించండి!' అని వచ్చింది. పరంధాములు ఆ సాయంత్రమే ఫోను చేసి అభినందించాడు. మండలం మొత్తం మీద టెన్ బై టెన్ తెచ్చుకున్న పిల్ల మీ బడిలోనే ఉందట, శభాష్ అన్నాడు.

ఇంతవరకూ జరిగింది మామూలు ప్రభుత్వ పని. అసలు తమాషా ఆ తరువాత మొదలైంది.

మండలంలోని అన్ని శాఖల వాళ్ళూ ఉండే వాట్సాప్ గ్రూపు ఒకటుంది. ఏ బడి ప్రగతి ఏమిటో అందులోనే పెట్టమని పరంధాములు ఆదేశించాడు. భీమాచారి తెలుగు పండితుడాయె, స్వచ్ఛమైన తెలుగులో పెట్టాడు. 'రేకులపల్లి: ఆందోళన ఉధృతంగా ఉన్నది. విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొంటున్నారు. కావేరి ఆందోళన తీవ్రస్థాయిలో ఉన్నందున ప్రత్యేక దృష్టి అవసరం.' మిగతా బళ్ళ వాళ్ళు దాన్నే కాపీ కొట్టి ఊరి పేరు మార్చి పెట్టారు. అది పరంధాములు చూశాడు, బొటనవేలు బొమ్మ పెట్టాడు. పోలీసులు కూడా చూశారు. వాళ్ళు బొమ్మ పెట్టలేదు.

మర్నాడు ప్రార్థన వేళకు జీపు వచ్చి బడి ముందు ఆగింది. ఎస్సై మహిపాల్ దిగాడు. కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. అందుకే ఆయనతో వాదించడం మరీ కష్టం.

"మాస్టారు, మీ దగ్గర కావేరి ఆందోళన నడుస్తున్నదట గదా. పైనుంచి ఒకటే ఫోన్లు. కావేరి నీళ్ళ పంచాయితీ ఎక్కడ, మనమెక్కడ? మన దిక్కుకు ఎట్లొచ్చింది? నేను మ్యాపు ముందలేసుకొని కూసున్న, నాకైతే సమజ్ గాలే."

భీమాచారి కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. నీళ్ళు కాదనీ, కావేరి అంటే పిల్లనీ, ఆందోళన అంటే లోపల ఉండేదనీ, మనసుకు సంబంధించినదనీ, నిఘంటువు చూసుకోవచ్చనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

మహిపాల్ ఓపికగా విన్నాడు. "లోపలిదే అంటరు. ఒప్పుకుంట. ఏ ఆందోళనైనా మొదలు లోపల్నే పుడ్తది మాస్టారు. బయటికొచ్చినంక మా చేతుల ఉండదు. అందుకే లోపల ఉన్నప్పుడే పట్టుకోమని మాకు ట్రైనింగుల చెప్పిండ్రు. పైగా మంత్రిగారు వస్తున్నరు, ఈ నిశ్చింత కేంద్రం ఓపెనింగుకు. మండలంల నూట నలభై మంది ఆందోళనకారులని మీరే రాతపూర్వకంగ ఇచ్చిండ్రు. రేపు ఏమన్నయితే నేను జవాబు చెప్పాలె. ఏది, ఆ లీడర్ను పిలువుండ్రి."

కావేరి వచ్చి నిలబడింది. మహిపాల్ జేబులోంచి పెన్ను తీశాడు.

"చెప్పు బిడ్డా. మీ డిమాండ్లేంది?"

ఆ పిల్ల భీమాచారి వైపు చూసింది, ఎస్సై వైపు చూసింది. "చెప్తే రాసుకుంటరా సార్?"

"రాసుకుంటందుకే వచ్చిన."

"టిప్పర్లు ఆపాలె సార్. బడికి పోయేటప్పుడు, పరీక్షలకు పోయేటప్పుడు ఆపితే చాలు. తర్వాత నడుపుకోండ్రి."

రేకులపల్లి నుంచి చింతలగట్టుకు ఒకటే రోడ్డు. కంకర క్వారీల టిప్పర్లు దాని మీద పగలనక రేయనక పరిగెడతాయి. కావేరి తండ్రి ఓదెలు రెండేళ్ళ కింద ఆ రోడ్డు మీదే పోయాడు. వెనక చక్రాల కింద పడ్డాడనీ, క్షణంలో ప్రాణం పోయిందనీ ఊరందరికీ తెలుసు.

"బాపు బండి మీద ఎనుక కూసున్నది నేనే సార్. నేను గడ్డిల పడ్డ. టిప్పరు హారన్ ఇనవడితె నాకు ఊపిరాడది. పరీక్షంటె నాకేం భయం లేదు. పరీక్షకాడికి పోవుడే భయం."

భీమాచారి తల వంచుకున్నాడు. ఆ బండి మీద ఈ పిల్ల ఉందన్న సంగతి ఆయనకు తెలియదు. ఇన్నాళ్ళూ భయమెంతుందని అడిగినవాళ్ళే గానీ, భయమెందుకని అడిగినవాడు లేడు. చివరికి అడిగింది పోలీసు, అదీ అపార్థం చేసుకుని. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుందనుకున్నాడు.

మహిపాల్ అంతా రాసుకుని, పెన్ను మూత పెట్టాడు. "టిప్పర్లు ఆపాలె అంటే, రాస్తారోకో అన్నట్టే గదా మాస్టారు. నా అనుమానం నిజమే అయింది."

ఆ మధ్యాహ్నమే భీమాచారి పరంధాములు దగ్గరికి పరిగెత్తాడు. టిప్పర్లు ఒక్క గంట ఆపిస్తే పిల్ల పరీక్ష రాస్తుందని చెప్పుకున్నాడు. రోడ్డు విషయము రోడ్ల శాఖ పరిధిలోనిది అన్నాడు పరంధాములు. రోడ్ల శాఖ ఆఫీసుకు వెళితే, రోడ్డు నిక్షేపంగా ఉన్నది, భయమన్నది మానసికము గనుక నిశ్చింతకు పంపవలసినది అన్నారు. ట్యాంకెక్కి నిశ్చింతను అడిగితే, మీకున్నది మానసిక సమస్య కాదు, రోడ్డు సమస్య, కాబట్టి మీ కేసును మూసివేస్తున్నాం, మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని వచ్చింది. భీమాచారి ట్యాంకు మీదే నిలబడి, ఎప్పుడూ నోట రాని మాటొకటి అన్నాడు. వినడానికి పైన పావురాలు తప్ప ఎవరూ లేరు.

వారం తిరక్కుండా తల్లీకూతుళ్ళను తహసీల్దారు ముందు బైండోవర్ చేశారు. పండగలకూ ఎన్నికలకూ ముందు ఊళ్ళో రౌడీల చేత బుద్ధిగా ఉంటామని బాండు రాయిస్తారు చూడండి, అదే. తహసీల్దారు మేడం కళ్ళజోడు సవరించుకుని చదివి వినిపించింది.

"నేటి నుండి ఆరు మాసముల వరకు సదరు బాలిక ఎట్టి ఆందోళన చెందరాదు. ఇతరులను ఆందోళనకు గురిచేయరాదు. అతిక్రమించినచో పూచీకత్తు మొత్తము జప్తు చేయబడును. బాలిక మైనరు గనుక తల్లి వేలిముద్ర వేయవలెను."

లసుమవ్వ వేలిముద్ర వేసి, చీర కొంగుకు వేలు తుడుచుకుంది. "బిడ్డ చేత రాపిచ్చుకున్నరు, మంచిదే. భయం చెప్పొస్తదా మేడం? దాన్ని గూడ పిలిచి ఓ బాండు రాపిచ్చుకోండ్రి" అంది. మేడం నవ్వలేదు. అటువంటి నిబంధన లేదని చెప్పింది.

పబ్లిక్ పరీక్షల మొదటి రోజునే మంత్రిగారి రాక ఖాయమైంది. తెల్లవారకముందే జీపు వచ్చి కావేరినీ లసుమవ్వనూ ఎక్కించుకుపోయింది. దాన్ని ముందస్తు అరెస్టు అంటారు. మిగతా పిల్లలను ఆటోల్లో చింతలగట్టుకు చేర్చిన భీమాచారికి అక్కడికి వెళ్ళాకే సంగతి తెలిసింది. ఎదురు మాట్లాడని ఆ మనిషి స్టేషన్లోకి గబగబా నడిచాడు.

"సార్, ఎదురుంగనే పరీక్ష సెంటరు. పిల్లను పంపుండ్రి. ఆమె జీవితం పోతది."

"ఆందోళన విరమించినట్టు ఒక్క మాట చెప్పమనుండ్రి, ఇప్పుడే పంపిస్త" అన్నాడు మహిపాల్.

బెంచీ మీద కూర్చున్న కావేరి హాల్ టికెట్టు తీసి చేతిలో పట్టుకుంది. ఆ పిల్ల ముఖం తేటగా ఉంది. "ఇయ్యాల నాకేం భయం లేదు సార్" అంది. "రోడ్డు మీద ఒక్క టిప్పరు గూడ లేదు."

మంత్రిగారి కాన్వాయ్ కోసం రోడ్డంతా ఖాళీ చేయించారు మరి. క్వారీల గేట్లకు పోలీసులే తాళాలు వేశారు. ఒక పసిపిల్ల ప్రాణం కుదుటపడాలంటే చేయవలసిన పనేమిటో, అంతవరకూ చేతకాదన్నవాళ్ళే చేసి చూపించారు. అయితే అది ఆమె కోసం కాదు. ఏదైతేనేం, భయం లేదన్న మాటనే ఆందోళన విరమణగా రాసుకుని మహిపాల్ పంపించాడు, పిల్ల పరీక్ష రాసింది, నవ్వుతూ బయటికొచ్చింది.

మంత్రిగారి ఏర్పాట్ల పని మీద స్టేషనుకు వచ్చి ఉన్న పరంధాములు ఆ పిల్ల మాటల్లో మొదటి సగం మాత్రమే విన్నాడు. నాకేం భయం లేదు. అదే చాలు. మంత్రిగారు సభలో కావేరి భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. "ఈ చిట్టితల్లికి పదికి పది ఆందోళన ఉండేది. ఈ రోజు సున్నా. మన నిశ్చింత సాధించిన ఘనత ఇది. ఈ మండలాన్ని ఆందోళన రహిత మండలంగా ప్రకటిస్తున్నాను" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. కావేరి మైకు వైపు చూసి ఏదో చెప్పబోయింది. బిడ్డ ఆనందం పట్టలేకపోతున్నదని పరంధాములు ఆమెను పక్కకు తీసుకుపోయాడు.

రెండో పరీక్ష రోజు తెల్లవారింది. ఆగిపోయిన పని పూడ్చుకోవాలని టిప్పర్లు రెట్టింపు వేగంతో దిగాయి. ఊరి చివర పిల్లలందరూ ఆటో ఎక్కారు. కావేరి ఎక్కలేదు. హాల్ టికెట్టు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుండిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. "పోదాం లే బిడ్డా, కండ్లు మూసుకో, నేను పట్టుకుంట" అని లసుమవ్వ బతిమాలుతోంది. ఒక్కో టిప్పరు పోతుంటే ఆ పిల్ల మోకాళ్ళలో తల దూర్చేసుకుంటోంది. దూరంగా మరో హారన్ వినబడింది.

భీమాచారి మహిపాల్‌కు ఫోను చేశాడు. ఒక్క గంట ఆపమని అడిగాడు.

"మంత్రి లేంది ఎట్ల ఆపుతం మాస్టారు? నాకు పవరుండద్దా?"

పరంధాములుకు చేశాడు.

"ఏం మాట్లాడుతున్నారు మాస్టారు? సదరు బాలికకు భయము లేదని సాక్షాత్తూ మంత్రివర్యులే ప్రకటించి ఉన్నారు. లేని భయము ఎట్లుంటుంది? ఉన్నదని మీరంటే ప్రభుత్వాన్ని అబద్ధమన్నట్టవుతుంది. ఆలోచించుకోండి."

భీమాచారి ఆలోచించుకున్నాడు. ఎక్కువసేపు పట్టలేదు. ఒళ్ళు మండిపోయింది ఆయనకు. తన స్కూటరు స్టార్టు చేసి రోడ్డు నడిమధ్యకు తీసుకుపోయి అడ్డంగా పడుకోబెట్టాడు. ఇస్త్రీ ప్యాంటు నలుగుతుందని కూడా చూసుకోకుండా దాని పక్కన బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. టిప్పరు ఒకటి హారన్ మోగిస్తూ వచ్చి, బ్రేకులు కీచుమని, ఆయన ముందు ఆగింది. డ్రైవరు దిగి తిట్లు లంకించుకున్నాడు. దాని వెనక ఇంకోటి, ఇంకోటి ఆగాయి. లసుమవ్వ కొంగు బిగించి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆటో ఎక్కించడానికి వచ్చిన తల్లులు ఒక్కరొక్కరే వచ్చి కూర్చున్నారు.

రోడ్డు మీద హారన్లు ఆగిపోయాయి. కావేరి తలెత్తి చూసింది. లేచి, గోడ పట్టుకున్నట్టు ఆటోను పట్టుకుని ఎక్కింది.

ఆటో కనుచూపు దాటకముందే మహిపాల్ జీపు ఎదురొచ్చి ఆగింది. ఆయన దిగి, రోడ్డు మీద కూర్చున్న తెలుగు పండితుణ్ణి చూసి నిర్ఘాంతపోయాడు.

"ఇదేంది మాస్టారు? నిన్ననే ఆందోళన రహిత మండలమని అన్నరు గదా."

భీమాచారి స్కూటరు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన చేతులు చల్లబడిపోయాయి, గుండె దడదడలాడుతోంది, ఊపిరి అందడం లేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు కళ్ళ ముందు గిర్రున తిరుగుతోంది. అయినా అక్కణ్ణుంచి లేవలేదు.

"ఆందోళన సార్" అన్నాడు చివరికి.

"ఏ ఆందోళన? లోపలిదా, బయటిదా? రిపోర్టుల రాయాలె."

"రెండూ రాసుకోండ్రి సార్. ఆఖరి పరీక్ష అయ్యేదాకా రోజూ వచ్చి కూసుంటం."